మా టైగర్స్ ఓడిపోయిన ఎండాకాలం

2024 సెప్టెంబరు ఆఖరు శనివారం పొద్దున ఒహాయోలో చదువుకుంటున్న మా అబ్బాయి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. “అమ్మా, వైట్ సాక్స్ ఈ ఏడాది 121 గేమ్‌లు ఓడిపోయారు. ఎక్కడో చెప్పుకో.” నేను జవాబు కొట్టేలోపే వాడే పెట్టేశాడు, “డెట్రాయిట్‌లో!”

వాడు మేము డెట్రాయిట్ వదిలేశాక పుట్టినవాడు. ఆ ఊరితో వాడికి ఏ సంబంధమూ లేదు. కాకపోతే చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ నేను చెప్పిన కబుర్లలో 2003 నాటి మా బేస్‌బాల్ టీమ్ డెట్రాయిట్ టైగర్స్ ఎన్నోసార్లు వచ్చి ఉంటారు. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 గేమ్‌లు ఓడారు. ఆధునిక బేస్‌బాల్‌లో అంతకన్నా ఎక్కువ ఓడినవాళ్ళు అరవై ఏళ్ళకు పైగా లేరు. దానికి ఒక్క మెట్టు ఇవతల ఆగినవాళ్ళు మా టైగర్స్: 43 గెలుపులు, 119 ఓటములు. చికాగో వైట్ సాక్స్ ముందు మావాళ్ళని దాటి, తరువాత మెట్స్‌నీ దాటారు. అదీ మా ఊరి గ్రౌండ్‌లోనే, మావాళ్ళ చేతిలోనే! పైగా అదే గేమ్‌తో టైగర్స్ పదేళ్ళ తరువాత ప్లేఆఫ్స్‌కి చేరారు. కాఫీ చల్లారిపోయింది గానీ నాకు ఒకటే నవ్వు. ఈ కబురు చెప్పాల్సిన మనిషి ఇప్పుడు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

* * *

పెళ్ళయిన కొత్తలో, 2003 నిండు జనవరిలో దిగాను అమెరికాలో. ఒంగోలు ఎండల్లో పెరిగిన దాన్ని, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మోకాలి లోతు మంచులో కాలు పెట్టాను. మావారు ఒక కార్ల కంపెనీలో కాంట్రాక్టు మీద ప్రోగ్రామర్. నాది హెచ్-4 వీసా. అంటే అప్పట్లో ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. బస్సులు ఉన్నాయంటారు గానీ నేను ఒక్కటీ చూసిన పాపాన పోలేదు. పొద్దున ఆయన వెళితే సాయంత్రం దాకా హీటర్ చప్పుడు తప్ప మనిషి గొంతు వినపడేది కాదు.

మార్చిలో వరల్డ్ కప్ ఫైనల్. తెల్లవారుజామున ఎవరింట్లోనో పాతికమందిమి దుప్పట్లు కప్పుకుని చూశాం. పాంటింగ్ వాయించిన వాయింపుకి ఇంట్లో ఒక్కరు మాట్లాడితే ఒట్టు. 125 పరుగుల తేడాతో పోయింది. ఉప్మా వండి పెట్టిన ఇల్లాలు పాపం, ఎవరూ తినలేదని అందరికీ డబ్బాల్లో కట్టిచ్చింది.

ఆ దెబ్బ మానకముందే, వారం తిరిగేసరికి నాకు ఇంకో టీమ్ తగులుకుంది.

మా అపార్ట్‌మెంట్‌కి బేస్‌మెంట్‌లో లాండ్రీ గది ఉండేది. పావలా డాలర్ బిళ్ళలు వేసి బట్టలు ఉతుక్కోవాలి. ఆ రోజు బుట్ట పట్టుకుని దిగితే, డ్రయ్యర్ మీద చిన్న రేడియో పెట్టి, దాని ఏరియల్‌కి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఒక ముసలావిడ తువ్వాళ్ళు మడత పెడుతోంది. రేడియోలో జనం హోరు. ఆ హోరు వినగానే నా నోట అప్రయత్నంగా వచ్చింది, “స్కోరెంత?” అని. ఆవిడ తల తిప్పి నన్ను పైనుంచి కిందికి చూసింది. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి సాక్సు, సాక్సుల మీద హవాయి చెప్పులు. “మూడు, ఒకటి. ఓడిపోయాం. ఫరవాలేదు, ఇది మొదటి గేమే. ఇంకా 161 ఉన్నాయి,” అంది.

నేను తప్పు విన్నాననుకున్నాను. ఒక సీజన్‌లో 162 గేమ్‌లా!

* * *

ఆవిడ మా కింది వాటాలోనే ఉండేది. భర్త ఫోర్డ్ వాళ్ళ రూజ్ ఫ్యాక్టరీలో చేసి, రిటైరై, పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు వేరే రాష్ట్రాల్లో. పేరు పెట్టి పిలవమంది. తల్లికన్నా పెద్దదాన్ని పేరు పెట్టి ఎలా పిలుస్తాను? ఆంటీ అన్నాను. రెండు రోజులు నవ్వి మూడో రోజుకి అలవాటు పడింది. నేను ఆవిడకి ‘హనీ’ని. నా అసలు పేరు ఆవిడ నాలుక తిరిగేది కాదు.

బేస్‌బాల్ నేర్చుకోవడం నాకేం కష్టం కాలేదు. క్రికెట్ తెలిసినవాళ్ళకి సగం వచ్చినట్టే. కొట్టాల్సిన బంతిని కొట్టలేకపోతే స్ట్రైకు, మూడు స్ట్రైకులకి అవుటు, మూడు అవుట్లకి వాళ్ళ వంతు పోయి వీళ్ళ వంతు, అలా తొమ్మిది ఇన్నింగ్స్. అర్థం కావడానికి టైమ్ పట్టింది ఆ రోజువారీ వ్యవహారం. మనకి ఒక మ్యాచ్ ఓడితే వారం పాటు ఏడవడానికి, దిష్టిబొమ్మలు తగలెయ్యడానికి తీరిక ఉంటుంది. ఇక్కడ రాత్రి పదింటికి ఓడితే మర్నాడు సాయంత్రం ఏడింటికి మళ్ళీ ఆట. డైలీ సీరియల్ లాగా, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా.

సూపర్ మార్కెట్‌లో ఊరికే ఇచ్చిన టైగర్స్ షెడ్యూల్ ఒకటి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాను. ఓడితే ఇంటూ, గెలిస్తే టిక్కు. మొదట తొమ్మిది ఇంటూలు వరసగా పడ్డాయి. పదోది గెలిచారు. లాండ్రీ గదిలో ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. తరువాత మళ్ళీ ఎనిమిది ఇంటూలు. పద్ధెనిమిది గడుల్లో ఒక్క టిక్కు! మావారు పాలు తీసుకోవడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, “ఇదేంటి, తిథుల్లో మంచిరోజులు చూస్తున్నావా?” అన్నారు.

28 గేమ్‌లయ్యేసరికి 3 గెలుపులు, 25 ఓటములు. ఆంటీకి ఇక్కడే ఎక్కువ బాధ. 1984లో ఇదే టీమ్ మొదటి నలభైలో 35 గెలిచింది, ఆ ఏడు వరల్డ్ సిరీస్, అంటే సీజన్ ఫైనల్, కొట్టింది. అప్పుడు షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేస్తూ ఆడిన అలన్ ట్రామెల్ ఇప్పుడు మేనేజర్, మన భాషలో హెడ్ కోచ్. ఆఖరి గేమ్‌లో పెద్ద హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టిన కర్క్ గిబ్సన్, వికెట్ కీపర్‌లా వెనక నిలబడే క్యాచర్ లాన్స్ పారిష్ ఇప్పుడు కోచ్‌లు. “మా దేవుళ్ళందరినీ తీసుకొచ్చి ఆ గొయ్యిలో కూర్చోబెట్టి ఇది చూడమన్నారు,” అనేది. ఆటగాళ్ళు కూర్చునే డగౌట్ నిజంగానే గొయ్యి కదా!

* * *

రేడియోలో డాన్ డికర్సన్, జిమ్ ప్రైస్ చెప్పేవాళ్ళు. నాకు బాగానే ఉండేది. ఆంటీకి మాత్రం ఎర్నీ హార్వెల్ కావాలి. 42 సీజన్లు టైగర్స్‌కి కామెంటరీ చెప్పి, సరిగ్గా అంతకు ముందు ఏడాదే విరమించాడాయన. గీత అవతలికి పోయిన ఫౌల్ బంతి జనంలో పడితే “ఇప్సిలాంటి నుంచి వచ్చిన పెద్దమనిషి పట్టుకున్నాడు” అని ఏదో ఊరి పేరు కలిపేవాడట. ఆయనకి ఎలా తెలుస్తుందని ఊళ్ళో పిల్లలందరూ ఆశ్చర్యపోయేవాళ్ళట. “ఆయన మానేశాడు, ఆయనతోపాటు టీమ్ కూడా ఆడటం మానేసింది,” అని ఆంటీ తీర్పు.

ఆవిడ దగ్గర ఒక స్కోరు పుస్తకం ఉండేది, స్పైరల్ బైండింగ్‌ది. ప్రతి గేమ్‌కీ ఎదురెదురుగా రెండు పేజీలు. ఎడమవైపు బ్యాటర్ల పేర్లు, పైన ఇన్నింగ్స్ అంకెలు, మధ్యలో గడులు. ప్రతి గడిలో లేతగా అచ్చువేసిన చిన్న డైమండ్, నాలుగు బేస్‌ల బొమ్మ. ఫీల్డర్లకి నంబర్లు: బంతి వేసే పిచర్ 1, క్యాచర్ 2, అలా రైట్ ఫీల్డర్ 9. షార్ట్‌స్టాప్ ఆపి ఫస్ట్ బేస్‌కి విసిరితే 6-3. ఒకే బంతికి ఇద్దరు అవుటయ్యే డబుల్ ప్లే అయితే 6-4-3. ఫీల్డర్ తప్పు చేస్తే ఇంగ్లిష్ ఇ, పక్కన వాడి నంబరు. ఊపి అవుటైతే ఇంగ్లిష్ కె అక్షరం. బ్యాటు భుజం మీద పెట్టుకుని చూస్తూ నిలబడి అవుటైతే అదే కె తిరగేసి రాయాలి. అలా నిలబడినవాణ్ణి హార్వెల్ “రోడ్డు పక్కన ఇల్లులా నిలబడిపోయాడు” అనేవాడట. తిరగేసిన కె రాసేటప్పుడు ఆంటీ పెన్సిల్‌ని కాగితం చిరిగేంత నొక్కేది. ఊపి అవుటైనవాడి మీద ఆ కోపం ఉండేది కాదు.

మే నెల నుంచి ఇంటి ముందు మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఆవిడకి మడత కుర్చీ, నాకు మెట్టు. సాయంత్రం ఏడయినా ఎండ ఉండేది, తొమ్మిదింటికి గానీ పొద్దుపోయేది కాదు. పక్క బిల్డింగ్ ముందు ఎవరో గడ్డి కోసే మిషన్ నడిపేవాళ్ళు, కోసిన గడ్డి వాసన అంతా ఇటే కొట్టేది. ఆవిడ మంచినీళ్ళకి లేస్తే పుస్తకం నాకిచ్చేది. తిరిగొచ్చి, కళ్ళజోడు ముక్కు మీదకి జరుపుకుని, నేను రాసిన గడి చూసి, ఏమీ అనకుండా కూర్చుంటే అది పాసయినట్టు.

ఓడిపోయే టీమ్‌ని జాలితో చూస్తారనుకుంటారు జనం. టీవీలో కామెడీ షోల వాళ్ళు రోజూ టైగర్స్ మీద ఒక జోకు వేసేవాళ్ళు. వాళ్ళెవరూ గేమ్ చూడరు, స్కోరు చూస్తారు. 119 ఓటముల్లో ఏ రెండూ ఒక రకంగా ఉండవు. ఒకటి మొదటి ఇన్నింగ్స్‌లోనే పోతుంది, ఇంకోటి ఎనిమిది దాకా నిలబడి తొమ్మిదోదాంట్లో పోతుంది. డిమిత్రి యంగ్ అని ఒక భారీ మనిషి ఉండేవాడు, ఆ ఏడాది 29 హోమ్ రన్లు కొట్టాడు. ఆ టీమ్ నుంచి లీగ్‌లో మేటివాళ్ళు ఆడే ఆల్‌స్టార్ గేమ్‌కి వెళ్ళింది ఆయనొక్కడే. ఓడిపోయిన రోజు కూడా ఆయన కొట్టిన బంతి గురించి మేం అరగంట మాట్లాడుకునేవాళ్ళం.

* * *

ఆ జూన్‌లో మన దగ్గర ఎండలు ఎవరూ మరిచిపోయి ఉండరు. ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకి వెయ్యి మందికి పైగా పోయారు. ఇండియన్ స్టోర్‌లో కొన్న ఫోన్ కార్డు గీకి, ఆ నంబర్లన్నీ నొక్కి అమ్మకి చేసేదాన్ని. “మధ్యాహ్నం గడప దాటొద్దు, నాన్నని కూడా వెళ్ళనీయకు” అని నేను, “నువ్వు చలికి చెవులు కట్టుకో” అని అమ్మ. జూన్‌లో ఇక్కడ చలి ఉండదంటే నమ్మేది కాదు.

“రోజంతా ఏం చేస్తావే ఒక్కదానివి?”

“కిందింటి ఆంటీతో ఆట వింటానమ్మా.”

“ఎవరు గెలిచారు?”

“మావాళ్ళు ఓడారు.”

వారం తరువాత మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి అమ్మ విసుక్కుంది. “ఆ గెలిచేవాళ్ళ ఆట వినొచ్చు కదే, రేడియోలో వాళ్ళది రాదా?” అంది.

జులైలో మావారి ప్రాజెక్టు ఆపేశారు. ఆ రోజుల్లో అక్కడున్న మనవాళ్ళకి బెంచ్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. కన్సల్టెన్సీ వాళ్ళు ఇదిగో అదిగో అంటారు, జీతం మాత్రం వెయ్యరు. వీసా గడువు గుర్తొస్తే నిద్ర పట్టదు. ఆయన పగలంతా రెజ్యూమెలు పంపి, ఫోన్ ఇంటర్వ్యూల కోసం కార్డ్‌లెస్ ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగేవారు. సాయంత్రమైతే టెన్షన్‌తో ఇంట్లో ఉండలేక ఆయనా మెట్ల మీదకి రావడం మొదలుపెట్టారు. ఆంటీ ఏమీ అడగలేదు. ఇంకో మడత కుర్చీ తెచ్చి వేసింది. కార్ల ఫ్యాక్టరీలో లేఆఫ్‌లు చూసిన ఇల్లు కదా, ముఖం చూస్తే తెలిసిపోయి ఉంటుంది.

“ఈ మారోత్‌ని ఇంకా ఎందుకు దింపుతున్నారు?” అని ఒకరోజు మావారు అడిగారు. మైక్ మారోత్ ఎడమచేతి వాటం పిచర్. బేస్‌బాల్‌లో గెలుపోటములు పిచర్ల పేరున కూడా రాస్తారు. సీజన్ మొదటి గేమ్ వేసింది అతనే, వరసగా తొమ్మిది ఓటములు అతని ఖాతాలో పడ్డాకే మొదటి గెలుపు. “అతని వంతు వచ్చింది కాబట్టి,” అంది ఆంటీ. “వంతు వచ్చినరోజు వచ్చి వేస్తాడు. ఒక్కసారి తప్పించుకున్నాడా చెప్పు?” మావారు ఇంకేం మాట్లాడలేదు. ఆ తరువాత మారోత్ వేసే రోజున ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చేవారు.

ఆ నెలలోనే ముగ్గురం టైగర్స్ స్టేడియం కొమెరికా పార్క్‌కి వెళ్ళాం, అన్నిటికన్నా చవక టికెట్లకి. గేటు దగ్గర నోరు తెరిచిన రాతి పులులు. లోపల పిల్లలకి గుర్రాలకి బదులు పులులు తిరిగే రంగులరాట్నం. సగానికి పైగా సీట్లు ఖాళీ. జనం లేకపోవడంలో ఒక సుఖముంది. బంతి గ్లోవ్‌లో పడిన చప్పుడు, ఫీల్డర్లు ఒకళ్ళనొకళ్ళు కేకేసుకోవడం, అన్నీ వినపడతాయి. హాట్ డాగ్‌లు అమ్మే కుర్రాడొకడు పెట్టె మెడకి తగిలించుకుని ఒపేరా గాయకుడిలా “హాట్ డాగ్స్...” అని రాగం తీస్తే స్టేడియం ఆ చివరిదాకా పోయేది. శాకాహారులం, మాకు వేరుశెనక్కాయలే గతి. తొక్కలు కిందే పడెయ్యమని ఆంటీ చెబితే నాకు చేతులు రాలేదు, సంచిలో వేసుకున్నాను. ఆ రోజూ ఓడారు. తిరుగుదారిలో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద మావారు, తన ఉద్యోగం ఊడిన తరువాత మొదటిసారి అనుకుంటా, ఈల వేశారు.

* * *

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. న్యూయార్క్ నుంచి డెట్రాయిట్ దాకా, కెనడాలో కూడా, ఐదు కోట్ల మందికి పోయిందని తరువాత తెలిసింది. పంపులు ఆగి కుళాయిల్లో నీళ్ళు కూడా తగ్గిపోయాయి. బిల్డింగ్‌లో అందరూ కంగారు పడుతుంటే నేను కుళాయిలో ధార సన్నబడుతుండగానే బకెట్లు, కుక్కర్లు, బాత్ టబ్బు నింపేశాను. ఒంగోల్లో పెరిగినందుకు ఆ ఒక్క పూట నన్ను అందరూ నిపుణురాలిగా చూశారు. ఆ రాత్రి ఆట సంగతి ఎవరికీ పట్టలేదు. బ్యాటరీ రేడియోలో వార్తలు విన్నాం, ఆంటీ ఫ్రిజ్‌లో కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ మొత్తం తినేశాం.

సెప్టెంబరు వచ్చేసరికి మారోత్‌కి ఇరవయ్యో ఓటమి వచ్చింది. 1980 తరువాత ఒకే సీజన్‌లో ఇరవై ఓడిన పిచర్ మరొకరు లేరు. జెరెమీ బాండర్‌మన్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు కూడా ఆ ఏడాది 19 ఓడాడు. అతన్ని మాత్రం ఇక గేమ్ మొదటి నుంచి వేయించకుండా ఆపేశారు. “పసివాడు, మంచి పని చేశారు,” అంది ఆంటీ. మారోత్‌ని ఎవరూ ఆపలేదు, అతనూ ఆపమనలేదు.

ఇక ఆరు గేమ్‌లున్నాయనగా 118 ఓటములు. ఇంకో రెండు ఓడితే మెట్స్‌తో సమానం, మూడు ఓడితే రికార్డు మనదే. పేపర్ల వాళ్ళు, టీవీల వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో డెట్రాయిట్‌కి దిగారు. గెలిచినంత కాలం రానివాళ్ళు, ఓడినంత కాలం రానివాళ్ళు, రికార్డు కోసం వచ్చారు. ఆంటీకి వాళ్ళని చూస్తే ఒళ్ళుమంట.

సీజన్ ఆఖరి శనివారం మిన్నెసోటా ట్విన్స్‌తో గేమ్. అప్పటికి 119 అయ్యాయి. ట్విన్స్ 8-0 తో ముందున్నారు. మావారు లేచి, “ఇక కట్టేయండి ఆంటీ, మెట్స్‌తో సమానమైపోయింది,” అన్నారు. ఆంటీ పుస్తకం ఆయన వైపు తిప్పింది. “ఇంకా ఇన్ని గడులు ఖాళీగా ఉన్నాయి కదా, ఇవి ఎవరు నింపుతారు?” అంది. సరే అని కూర్చున్నారు. ఒకటొకటిగా పరుగులు రావడం మొదలైంది. ఎనిమిదికి ఎనిమిది! తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అలెక్స్ సాంచెజ్ మూడో బేస్ మీద ఉండగా ట్విన్స్ పిచర్ జెస్సీ ఒరోస్కో వేసిన బంతి క్యాచర్‌కి అందకుండా పోయింది. సాంచెజ్ పరిగెత్తుకొచ్చేశాడు. 9-8. రేడియోలో ఏం చెబుతున్నారో మా అరుపుల్లో వినపడలేదు.

ఒరోస్కోకి అప్పుడు 46 ఏళ్ళు. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది మెట్స్‌తోనే, 1986లో వాళ్ళు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆఖరి బంతి వేసిందీ ఆయనే. చివరికి మెట్స్ పరువు తక్కువ రికార్డుని వాళ్ళకే భద్రంగా మిగిల్చి వెళ్ళాడు. ఆ తరువాత ఆయన మేజర్ లీగ్‌లో మళ్ళీ ఆడలేదు.

మర్నాడు ఆఖరి గేమ్. వేసింది మారోత్. 9-4 తో గెలిచాడు. తన ఖాతాలో 9 గెలుపులు, 21 ఓటములు. గెలిచిన టిక్కు పెట్టడానికి ఫ్రిజ్ దగ్గరికి నా కన్నా ముందు మావారు వెళ్ళారు.

* * *

ఆ అక్టోబరులోనే ఆయనకి ఒహాయోలో ప్రాజెక్టు దొరికింది. కొలంబస్‌కి మారాం, బాబు పుట్టాడు, ఆ తరువాత హైదరాబాద్ వచ్చేశాం. ట్రామెల్‌ని 2005 సీజన్ అయ్యాక తీసేశారు. నాకిప్పటికీ అది అన్యాయమే. చెడ్డరోజులన్నీ ఆయన మోశాడు, మంచిరోజులు రాబోతుంటే జిమ్ లేలాండ్ వచ్చి కూర్చున్నాడు. లేలాండ్ మంచి మేనేజర్, కాదనను.

2006 అక్టోబరులో టైగర్స్ వరల్డ్ సిరీస్‌కి వెళ్ళారు. 2003లో 19 ఓడిన బాండర్‌మన్, యాంకీస్‌ని ఇంటికి పంపిన గేమ్ వేశాడు. ఓక్లండ్ మీద ఆఖరి గేమ్‌లో మాగ్లియో ఆర్డోన్యెజ్ హోమ్ రన్ కొట్టినప్పుడు బేస్ మీద ఉన్నవాళ్ళలో ఒకడు క్రెయిగ్ మన్రో, మా మెట్ల రోజులవాడే. మియాపూర్‌లో అప్పుడు ఆదివారం తెల్లారుతోంది. నెట్‌లో స్కోరు చూసి ఆంటీకి ఫోన్ చేస్తే ఎంగేజ్. ఊరంతా ఊరంతటికీ ఫోన్ చేసుకుంటున్నట్టుంది.

వరల్డ్ సిరీస్‌లో సెయింట్ లూయిస్ చేతిలో 4-1 తో ఓడారు. ఐదు గేమ్‌లు, ఐదింట్లోనూ టైగర్స్ పిచర్లు ఎక్కడో ఒక చోట బంతి వదిలేయడమో, ఎటో విసిరేయడమో చేశారు. ఈసారి ఫోన్ మొదటి రింగుకే ఎత్తింది ఆంటీ. ఓదారుద్దామని చేశాను, నన్ను మాట్లాడనిస్తేగా!

“ఇ-1, హనీ! రోజూ ఇ-1! ఇరవై గజాలు విసరడం రాదా? ఆ 119 లో ఒక్కరోజు కూడా నాకింత కోపం రాలేదు. ఆ పిల్లలకి ఆట రాక ఓడారు. వీళ్ళకేమొచ్చింది?”

అరగంట తిట్టింది. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని మధ్యలో ఆటోమేటిక్ గొంతు చెబుతూనే ఉంది. చివర్లో మావారిని అడిగింది, బాబుకి బంతి విసరడం నేర్పుతున్నారా అని అడిగింది, ఫిబ్రవరిలో లేక్‌లాండ్‌లో స్ప్రింగ్ ట్రైనింగ్ మొదలవుతుంది, కొత్త పుస్తకం కొనాలి అంది. లైన్ కట్ అయ్యేముందు నాకు వినపడిన ఆఖరి మాట మాత్రం మళ్ళీ ‘ఇ-1’.